బోర్డు మీది పేరు, షేరు మీది పేరు: వైజాగ్ నుంచి బహుళజాతి కంపెనీల్లో పెట్టుబడి పెట్టడం ఎలా?

అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ల టైర్ల ప్లాంటు ఉంది. పరవాడ ఫార్మా సిటీలో ఫైజర్, ఐసాయ్ ఉన్నాయి. తర్లువాడ వైపు గూగుల్ డేటా సెంటరు వస్తోంది. నక్కపల్లి దగ్గర ఆర్సెలర్‌మిట్టల్ నిప్పన్ స్టీల్ ప్లాంటు పేరు రోజూ పేపర్లో కనిపిస్తోంది. వాటి పక్కన స్థలాలు కొనేంత డబ్బు లేనివాళ్లు, "ఆ కంపెనీ షేర్లే కొనుక్కుంటే పోలా?" అని అడుగుతున్నారు. కొనుక్కోవచ్చు. అయితే గేటు మీద బోర్డు చూసి కొంటే, ఆ గేటు లోపల పుట్టిన లాభం మీ ఖాతాకి చేరకపోవచ్చు. ఏ షేరుకి ఏ లాభం వస్తుంది, అది ఏ కరెన్సీలో పుడుతుంది, దారిలో ఎవరెవరు ఎంత కోసుకుంటారు అన్న మూడు ప్రశ్నలకి జవాబు దొరికాకే రూపాయి బయటికి తీయాలి. కింద రాసినదంతా ఆ జవాబులు వెతికే పద్ధతే.

మొదటి పని: షేరు ఎవరిదో తేల్చుకోవడం

కంపెనీ ఇచ్చే ఇన్‌వాయిస్ మీదో లెటర్‌హెడ్ మీదో సీఐఎన్ అనే 21 అక్షరాల నంబరు ఉంటుంది. దాని మొదటి అక్షరం చూడండి. 'ఎల్' అయితే ఆ కంపెనీ మన స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయింది. 'యూ' అయితే కాలేదు, ఆ పేరుతో మీరు బజార్లో షేరు కొనలేరు. పది సెకన్ల పని ఇది. దీన్ని చూసుకోకుండా పేరు కలిసిందని వేరే కంపెనీ షేరు కొనేవాళ్లు ఉన్నారు.

మన చుట్టుపక్కల కంపెనీలతోనే చూద్దాం. ఫైజర్ లిమిటెడ్ మన ఎక్స్ఛేంజీల్లో లిస్టయి ఉంది. పరవాడ ప్లాంటు మాత్రం దానిది కాదు, అమెరికా మాతృసంస్థ కింద ఉన్న వేరే ప్రైవేటు కంపెనీది. అంటే పరవాడలో ఉత్పత్తి రెట్టింపైనా ఫైజర్ లిమిటెడ్ షేరుదారుడికి దాంతో సంబంధం లేదు. యోకోహామా కావాలంటే టోక్యోలో కొనాలి. నక్కపల్లి స్టీల్ ప్లాంటు పెడుతున్నది ఇద్దరు విదేశీ భాగస్వాముల ఉమ్మడి ప్రైవేటు కంపెనీ. దాని షేరు దొరకదు, భాగస్వాములవే దొరుకుతాయి.

ఇక గూగుల్. 2025 అక్టోబరులో వాళ్లు ప్రకటించింది ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. మనకది మహా పెద్ద మొత్తం. మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఒక్క 2024లో సాధించిన ఆదాయం దాదాపు 35,000 కోట్ల డాలర్లు. ఏడాదికి 300 కోట్ల చొప్పున వేసుకుంటే వైజాగ్ పెట్టుబడి ఆ ఆదాయంలో ఒక శాతం కూడా కాదు. కాబట్టి "మన ఊరికి వస్తోంది" అన్నది ఆల్ఫాబెట్ కొనడానికి కారణం కాదు. దాని సెర్చి ప్రకటనలు, క్లౌడు, కృత్రిమ మేధ మీద పెడుతున్న ఖర్చు ఎలా ఉన్నాయన్నదే కారణం కావాలి.

కొనడానికి ఉన్న దారులు

ఒకటి, విదేశీ కంపెనీలకి ఇక్కడున్న లిస్టెడ్ అనుబంధ సంస్థలు: హిందుస్థాన్ యూనిలీవర్, నెస్లే ఇండియా, కోల్గేట్, మారుతీ సుజుకీ, బాష్, ఏబీబీ, సీమెన్స్, అబాట్. ఇవి ఇక్కడ లిస్టవడం వెనక చరిత్ర ఉంది. 1973 నాటి ఫెరా (విదేశీ మారక నియంత్రణ) చట్టం చాలా విదేశీ కంపెనీల వాటాని 40 శాతానికి కుదించమంది. కోకాకోలా, ఐబీఎం దేశం విడిచి వెళ్లాయి. మిగిలినవి ఇక్కడి జనానికి షేర్లు అమ్మి ఉండిపోయాయి. ప్రభుత్వ విధానం మారితే ఏమవుతుందో వైజాగ్‌కి చెప్పనక్కర్లేదు. 1957లో కాల్టెక్స్ కట్టిన రిఫైనరీనే 1978 నుంచి హెచ్‌పీసీఎల్ నడుపుతోంది.

ఇలాంటి కంపెనీల్ని విడివిడిగా ఎంచుకునే ఓపిక లేకపోతే ఎంఎన్‌సీ (బహుళజాతి కంపెనీల) మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. నిఫ్టీ ఎంఎన్‌సీ సూచీలో 30 కంపెనీలుంటాయి, విదేశీ ప్రమోటరు వాటా 50 శాతం దాటినవాటినే అందులోకి తీసుకుంటారు.

రెండు, మన దేశంలో పుట్టి బయటికి వెళ్లిన కంపెనీలు. 2007లో నోవెలిస్‌ని కొన్న హిండాల్కో, డాక్టర్ రెడ్డీస్, అరబిందో, ఇన్ఫోసిస్, భీమిలి దగ్గర చిప్పాడలో పెద్ద యూనిట్ నడిపే దివీస్ ఈ కోవలోవి. మామూలు డీమ్యాట్ ఖాతా చాలు. రూపాయల్లో కొంటారు, లాభంలో పెద్ద భాగం డాలర్లలో పుడుతుంది. చాలామంది విదేశీ పెట్టుబడి అనగానే అమెరికా యాప్‌ల వైపు పరిగెడతారు గానీ, మొదటిసారి దిగేవాళ్లకి ఈ దారే మంచిదని మా అభిప్రాయం. పన్ను సులువు, కాగితాలు తక్కువ, డాలరు బలం కూడా కలిసొస్తుంది.

మూడు, విదేశీ షేర్లని నేరుగా కొనడం. దీనికి రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. గుజరాత్‌లోని అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీ ద్వారా వెళ్లినా ఇదే లెక్కలోకి వస్తుంది.

నాలుగు, విదేశీ షేర్లు కొనే మన మ్యూచువల్ ఫండ్లు, ఈటీఎఫ్‌లు (షేరులాగే బజార్లో కొని అమ్మే ఫండ్లు). ఇందులో ఒక గుంట ఉంది. ఫండ్ల పరిశ్రమ మొత్తానికి కలిపి విదేశీ పెట్టుబడికి 700 కోట్ల డాలర్లు, విదేశీ ఈటీఎఫ్‌లకి విడిగా 100 కోట్ల డాలర్లు అని పరిమితి ఉంది. 2022లో ఆ పరిమితి దగ్గరపడగానే చాలా ఫండ్లు కొత్త డబ్బు తీసుకోవడం ఆపేశాయి. కొత్త యూనిట్లు పుట్టకపోతే బజార్లో ఉన్న ఈటీఎఫ్ యూనిట్లకి ఎగబడతారు, ధర అసలు విలువని దాటిపోతుంది. అందుకే ఈటీఎఫ్ కొనేముందు ఫండు సంస్థ వెబ్‌సైట్‌లో ఐ-ఎన్‌ఏవీ (ఆ క్షణాన యూనిట్ అసలు విలువ) చూడండి. బజారు ధర దానికంటే 2 శాతం మించి ఉంటే ఆగండి. 12 శాతం ఎక్కువ పెట్టి కొన్నవాడికి, పరిమితి సడలిన రోజున అమెరికా మార్కెట్టు కదలకపోయినా 10 శాతానికి పైగా పోతుంది.

రాయల్టీ: కంటికి కనపడని కోత

విదేశీ అనుబంధ సంస్థ కొనాలనుకుంటే వార్షిక నివేదికలో ముందు వెతకాల్సింది అమ్మకాలు కాదు, 'రిలేటెడ్ పార్టీ లావాదేవీలు' అనే నోటు. బ్రాండు పేరు వాడుకున్నందుకు, టెక్నాలజీ ఇచ్చినందుకు, ఇక్కడి కంపెనీ మాతృసంస్థకి ఎంత కడుతోందో అక్కడ ఉంటుంది.

ఒక కంపెనీ అమ్మకాలు 10,000 కోట్లు, పన్నుకి ముందు లాభం 1,500 కోట్లు అనుకోండి. రాయల్టీ అమ్మకాల మీద 4.5 శాతం అంటే 450 కోట్లు. దాన్ని 5.25 చేస్తే 525 కోట్లు. తేడా వినడానికి ముప్పావు శాతమే, లాభంలో మాత్రం 75 కోట్లు, అంటే 5 శాతం లేచిపోయింది. లాభం తగ్గిన ఏడాది కూడా రాయల్టీ తగ్గదు, ఎందుకంటే అది లాభం మీద కాదు, అమ్మకాల మీద కట్టేది.

ఈ అంకెలు ఊరికే తీసుకోలేదు. నెస్లే ఇండియా సరిగ్గా ఇదే పెంపు, 4.5 నుంచి 5.25కి, అడిగితే 2024 మేలో షేరుదారులు తోసిపుచ్చారు. రాయల్టీ అమ్మకాల్లో 5 శాతం దాటితే, ప్రమోటర్లు కాని షేరుదారుల మెజారిటీ ఒప్పుకోవాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. కాబట్టి ఈ-ఓటింగ్ మెయిల్ వచ్చినప్పుడు చెత్తబుట్టలో పడేయకండి, మీ పది షేర్ల ఓటుకీ అక్కడ లెక్క ఉంది. హిందుస్థాన్ యూనిలీవర్ 2023లో ప్రకటించిన పెంపు 2.65 నుంచి 3.45 శాతానికి. అది 5 లోపే ఉంది కాబట్టి ఈ నిబంధన దాకా రాదు.

మాతృసంస్థ ఇంకేం చేయగలదో కూడా తెలిసుండాలి. ధవళేశ్వరంలో హార్లిక్స్ చేసే జీఎస్‌కే కన్స్యూమర్ షేర్లు పట్టుకున్నవాళ్లకి 2020లో ఒక్కో షేరుకి 4.39 హిందుస్థాన్ యూనిలీవర్ షేర్లు చేతికొచ్చాయి, ఎందుకంటే పైవాళ్లు ఆ వ్యాపారం అమ్మేశారు. 2024 ఫిబ్రవరిలో వర్ల్‌పూల్ మాతృసంస్థ ఇక్కడి కంపెనీలో 24 శాతం వాటా అమ్ముకుంది. అదే ఏడాది అక్టోబరులో హ్యుందాయ్ ఇండియా ఐపీఓలో సుమారు 27,870 కోట్లు వస్తే, ఆ డబ్బంతా కొరియా మాతృసంస్థకి వెళ్లింది, కంపెనీ ఖాతాలోకి ఒక్క రూపాయి రాలేదు. ఐపీఓ పత్రంలో 'ఆఫర్ ఫర్ సేల్' (పాత యజమాని అమ్ముకునేది) ఎంత, 'ఫ్రెష్ ఇష్యూ' (కంపెనీకి వచ్చేది) ఎంత అన్నది మొదటి పేజీలోనే ఉంటుంది.

ఇంకొక మాట, ధర గురించి. నెస్లే ఇండియా, హిందుస్థాన్ యూనిలీవర్ షేర్లు లాభానికి ఎన్ని రెట్ల ధరకి దొరుకుతాయో, స్విట్జర్లాండ్‌లోనూ లండన్‌లోనూ ఉన్న వాటి మాతృసంస్థలు అందులో సగంకన్నా తక్కువ రెట్లకే చాలా ఏళ్లుగా దొరుకుతున్నాయి. ఇక్కడ పెరుగుదల ఎక్కువని ఆ ధర పెడుతున్నారు. వరసగా మూడేళ్లు అమ్మకాల పరిమాణం 2–3 శాతం మించి పెరగని కంపెనీకి ఆ ధర నిలవదు. అందుకే రూపాయల్లో అమ్మకాలతో ఆగకుండా, 'వాల్యూమ్ గ్రోత్' అంకె విడిగా చూడండి.

ప్రపంచం గాలి మారితే ఎక్కడ తగులుతుంది

వడ్డీ రేట్లు. 2022 మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ దాదాపు సున్నా. 2023 జులై నాటికి 5.25–5.5 శాతం. 2022లో టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ 100 సూచీ దాదాపు మూడో వంతు పడింది. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. పదేళ్ల తర్వాత వచ్చే 100 డాలర్ల విలువ, 4 శాతం చొప్పున వెనక్కి లెక్కేస్తే నేడు 67 డాలర్ల చిల్లర. 8 శాతం చొప్పున అయితే 46 డాలర్లే. లాభాలు ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ దెబ్బ. ఈ ఏడాదే లాభం పంచే సబ్బుల కంపెనీకి ఆ దెబ్బ తక్కువ.

మారకం రేటు. 2011లో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. డాలర్లలో షేరు 10 శాతం పెరిగి, రూపాయికి డాలరు 4 శాతం ఖరీదైతే మీకు వచ్చేది 14 కాదు, 1.10ని 1.04తో గుణిస్తే 14.4 శాతం. తిరగబడినా అంతే: షేరు 10 తగ్గి, డాలరు కూడా 4 తగ్గితే 13.6 శాతం పోతుంది. పిల్లల్ని అమెరికాలో చదివించాలనుకునే ఇంటికి ఈ కదలిక మేలే, ఫీజు ఖరీదైన నాడే పెట్టుబడీ రూపాయల్లో పెరిగి ఉంటుంది. ఖర్చంతా రూపాయల్లోనే ఉన్న రిటైర్డు ఉద్యోగికి ఆ మేలు అంత లేదు. స్టీల్‌ప్లాంటు నుంచో డాక్‌యార్డు నుంచో వచ్చిన గ్రాట్యుటీ డబ్బుని డాలర్లలోకి మార్చమని ఎవరైనా చెబితే ఈ తేడా గుర్తు చేసుకోండి. షేర్లలో పెట్టే మొత్తంలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా విదేశాల్లో ఉంటే చాలని మా లెక్క.

సుంకాలు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఫిషింగ్ హార్బరు దాటి వెళ్లక్కర్లేదు. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ఆ తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి. దెబ్బ నడిచే దారి మాత్రం అదే. అవంతి ఫీడ్స్ చూడండి, రిజిస్టర్డు ఆఫీసు పాండురంగాపురంలోనే ఉంది, థాయ్ యూనియన్ అనే థాయిలాండ్ బహుళజాతి కంపెనీకి అందులో పెద్ద వాటా ఉంది. ఆ కంపెనీకి రెండు వ్యాపారాలు: రొయ్యల మేత, రొయ్యల శుద్ధి–ఎగుమతి. సుంకం పడగానే ఎగుమతి మార్జిన్ వెంటనే తగ్గుతుంది. మేత వ్యాపారానికి దెబ్బ ఆలస్యంగా వస్తుంది: కొనుగోలుదారులు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర తగ్గిస్తారు, రైతు తర్వాతి పంటకి సీడు తగ్గిస్తాడు, అప్పుడు మేత అమ్మకాలు పడతాయి. వార్త వచ్చిన వారంలో షేరు పడటం ఒక దశ, రెండు త్రైమాసికాల తర్వాత లెక్కల్లో కనిపించేది ఇంకో దశ. మొదటి పతనం చూసి "చౌకగా దొరికింది" అని మొత్తం డబ్బు పెట్టేస్తే రెండో దశకి చేతిలో ఏమీ మిగలదు.

నియంత్రణ సంస్థలు. 2017 మార్చిలో దివీస్ విశాఖ యూనిట్-2 మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దిగుమతి హెచ్చరిక పెట్టింది, నవంబరులో ఎత్తేసింది. ఒక్క ప్లాంటు నుంచి ఎంత శాతం ఆదాయం వస్తోందన్నది ఫార్మాలో మొదటి ప్రశ్న. 'ఫారం 483' అంటే తనిఖీలో గమనించిన లోపాల జాబితా. 'వార్నింగ్ లెటర్' దానికంటే పెద్దది, 'ఇంపోర్ట్ అలర్ట్' అంటే సరుకు ఆగినట్టే. మూడింటినీ ఒకే గాటన కట్టి భయపడకండి, ఒకే గాటన కట్టి కొట్టిపారేయకండి.

ప్రమాదాల బాధ్యత కూడా ఇందులోదే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఫ్యాక్టరీ కొరియా ఎల్‌జీ కెమ్‌కి పూర్తి అనుబంధ సంస్థ. రసాయనాల కంపెనీ నివేదిక తెరిస్తే 'కంటింజెంట్ లయబిలిటీస్' (కేసులు, పరిహారాల వల్ల ముందుముందు కట్టాల్సి రావచ్చన్న బాకీలు) నోటు తప్పకుండా చదవండి. ప్రాణాలకి విలువ కట్టని యాజమాన్యం చేతిలో మీ డబ్బు కూడా భద్రం కాదు.

డబ్బు పంపడం: కాగితాలు, కోతలు

నేరుగా కొనేవాళ్లకి వరస ఇది.

1. విదేశీ బ్రోకరు దగ్గరో, వాళ్లతో ఒప్పందమున్న మన బ్రోకరు దగ్గరో ఖాతా తెరవండి. పాన్, చిరునామా రుజువు, డబ్ల్యూ-8బెన్ ఫారం కావాలి. మీరు అమెరికా పౌరుడు కాదని, భారత నివాసి అని చెప్పే ఫారం ఇది. ఇస్తే డివిడెండు మీద 25 శాతం కోత. ఇవ్వకపోతే 30. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరితో గడువు తీరుతుంది, మళ్లీ ఇవ్వాలి.

2. విదేశీ మారక లావాదేవీలు చూసే బ్యాంకు శాఖకి వెళ్లండి, లేదా నెట్ బ్యాంకింగ్‌లో చేయండి. ద్వారకానగర్, సిరిపురం వైపు పెద్ద శాఖల్లో ఈ పని తెలిసినవాళ్లు దొరకడం తేలిక. డబ్బు విదేశానికి పంపేందుకు నింపే ఫారం ఏ2లో పర్పస్ కోడ్ ఎస్0001 అని పడాలి, అది విదేశీ షేర్లలో పెట్టుబడికి. బంధువుల పోషణ, చదువు లాంటి వేరే కోడు పొరపాటున పడితే పన్ను లెక్క తప్పుతుంది, తర్వాత సరిచేయించుకోవడానికి తల ప్రాణం తోకకి వస్తుంది.

3. స్విఫ్ట్ రసీదు (డబ్బు విదేశీ బ్యాంకుకి పంపినట్టు రుజువు), ఏ2 కాపీ, ఆ రోజు బ్యాంకు వేసిన మారకం రేటు, మూడూ ఒక ఫోల్డర్లో దాచండి.

ఇప్పుడు కోతలు. బజార్లో డాలరు 90 రూపాయలు, బ్యాంకు మీకు 91.20కి ఇచ్చింది అనుకుందాం. పంపే రుసుము 1,000, దానిమీద జీఎస్టీ 180. కరెన్సీ మార్పిడి మీద విడిగా జీఎస్టీ ఉంది: 2 లక్షలకి అది 270 రూపాయలు. 2,00,000లోంచి 1,450 తీసేస్తే 1,98,550, దాన్ని 91.20తో భాగిస్తే 2,177 డాలర్లు. కోతలేవీ లేకపోతే 2,222 వచ్చేవి. అంటే గుమ్మం దాటకముందే 2 శాతం పోయింది.

అదే నెలకి 20,000 పంపితే? రుసుము అంతే 1,180, మార్పిడి జీఎస్టీ కనీసం 45. మిగిలిన 18,775కి 206 డాలర్లు కూడా రావు, రావాల్సింది 222. ఏడు శాతానికి పైగా పోయింది. సిప్ అలవాటు మంచిదే గానీ, విదేశాలకి పంపేటప్పుడు ఆ అలవాటు బ్యాంకుకే లాభం. నెలనెలా ఇక్కడ లిక్విడ్ ఫండులో పోగేసి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పంపండి. బ్యాంకుని అడగాల్సిన మాట "చార్జీ ఎంత?" కాదు, "ఇవాళ నాకు టీటీ సెల్లింగ్ రేటు (బ్యాంకు డాలరు అమ్మే ధర) ఎంత ఇస్తారు?" చార్జీ కంటే రేటులో పోయేదే ఎక్కువ.

టీసీఎస్ ఇంకోటి (కంపెనీ కాదు, మూలంలో వసూలు చేసే పన్ను). ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద పెట్టుబడులకి 20 శాతం. 12 లక్షలు పంపితే దాటిన 2 లక్షల మీద 40,000 బ్యాంకు అదనంగా తీసుకుంటుంది. ఇది పోయే డబ్బు కాదు, పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీ పేరిట ఉండే 26ఏఎస్ పట్టికలో కనపడుతుంది, రిటర్నులో సర్దుబాటవుతుంది లేదా తిరిగొస్తుంది. ఉద్యోగులు ఆఫీసులో ప్రకటన ఇస్తే జీతం మీది టీడీఎస్‌లోనే తగ్గించుకోవచ్చు. మరిచిపోయే సంగతేమిటంటే, ఆ 10 లక్షలు అన్ని అవసరాలకీ కలిపి, అన్ని బ్యాంకులకీ కలిపి. ఏప్రిల్‌లో అబ్బాయికి ఫీజు కింద 9 లక్షలు పంపి ఉంటే, మీ పెట్టుబడికి మిగిలింది లక్షే. భార్యాభర్తల పరిమితులు వేర్వేరు.

పంపిన డబ్బు ఖాతాలో ఊరికే పడి ఉండకూడదు. 180 రోజుల్లో పెట్టుబడి పెట్టాలి, లేకపోతే వెనక్కి తెప్పించాలి. అప్పు తీసుకుని కొనే మార్జిన్ ట్రేడింగ్‌కి ఈ పథకం కింద అనుమతి లేదు, యాప్‌లో ఆ మీట కనిపించినా నొక్కకండి.

ఆర్డరు పెట్టేటప్పుడు

అమెరికా మార్కెట్టు మన సమయం ప్రకారం వేసవిలో రాత్రి 7 గంటలకి, చలికాలంలో 8 గంటలకి తెరుస్తారు. మొదటి అరగంట ధరలు ఊగుతాయి, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఎడం ఎక్కువ. భోజనం చేసి 9, 10 గంటల మధ్య 'లిమిట్' ఆర్డరు (ఇంత ధర దాటితే కొనొద్దని చెప్పేది) పెట్టండి, ఏ ధరకైనా కొనేసే 'మార్కెట్' ఆర్డరు వద్దు. 500 డాలర్ల షేరులో ముక్క కొనే వీలుంది. అయితే ముక్కల్ని వేరే బ్రోకరుకి బదిలీ చేయడం సాధారణంగా కుదరదు, అమ్మి డబ్బుగా మార్చాల్సి వస్తుంది.

ఏది కొనాలన్నా ముందు ఆ కంపెనీ 10-కె అనే వార్షిక నివేదికలో ప్రాంతాలవారీ ఆదాయం తీయండి. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గర్ వెబ్‌సైట్‌లో ఉచితం. ఉదాహరణకి 2024 ఆర్థిక సంవత్సరంలో యాపిల్ అమ్మకాల్లో దాదాపు 17 శాతం చైనా, హాంకాంగ్, తైవాన్‌లవి. అమెరికా–చైనా గొడవ వార్త వచ్చినప్పుడు ఎంత భయపడాలో ఆ 17 చెబుతుంది. పది కంపెనీల్ని ఇలా చదివే తీరిక లేనివాళ్లకి ప్రపంచ సూచీ ఈటీఎఫ్ ఒకటి చాలు.

డబ్బుని నాలుగు భాగాలు చేసి మూడేసి నెలల ఎడంతో కొనండి. కొన్న రోజు నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి: ఎందుకు కొన్నాను, ఏ అంకె మారితే అమ్ముతాను, ఎంత శాతం మించనివ్వను. "రాయల్టీ 5 శాతం దాటితే", "అమెరికా అమ్మకాలు వరసగా మూడు త్రైమాసికాలు తగ్గితే" అన్నట్టు అంకెతో ఉండాలి. షేరు ధర పడిందన్నది దానంతటదే అమ్మడానికి కారణం కాదు, పెరిగిందన్నది కొనడానికీ కాదు.

పన్ను, రిటర్ను

నేరుగా కొన్న విదేశీ షేరుని 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకుముందే అయితే మీ స్లాబు ప్రకారం. మన దేశంలో లిస్టయిన షేరుకి 12 నెలలు చాలు, 1.25 లక్షల దాకా లాభానికి పన్ను లేదు. ఆ మినహాయింపు విదేశీ షేరుకి వర్తించదు. లాభం రూపాయల్లో లెక్కేస్తారని మరవొద్దు: డాలరు 83 ఉన్నప్పుడు 1,000 డాలర్లకి కొని, 90 అయ్యాక అదే 1,000కి అమ్మినా 7,000 లాభం చూపించాలి.

డివిడెండు 100 డాలర్లు ప్రకటిస్తే అమెరికా 25 కోసి 75 పంపుతుంది. ఇక్కడ 100నే ఆదాయంగా చూపాలి. 30 శాతం స్లాబువాళ్లు ఇక్కడ ఇంకో 5 కడితే సరి, సెస్సు వేరు. 5 శాతం స్లాబువాళ్లకి 5 మాత్రమే సర్దుబాటవుతుంది, మిగతా 20 తిరిగి రాదు. ఈ క్రెడిట్ కోసం ఇప్పటిదాకా ఫారం 67 అని పిలిచిన ఫారం నింపాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబరుతో కాక 'విదేశీ పన్ను క్రెడిట్' అన్న పేరుతో వెతకండి.

అందరూ జారిపడేది షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే పట్టిక దగ్గర. ఒక్క విదేశీ షేరున్నా ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 లేదా 3 వేయాలి. ఇందులో లెక్క ఏప్రిల్–మార్చి కాదు, జనవరి–డిసెంబరు. 2025–26 ఆదాయానికి రిటర్ను వేస్తుంటే 2025 డిసెంబరు 31తో ముగిసిన ఏడాదిలో ఉన్న షేర్లన్నీ రాయాలి. 2026 ఫిబ్రవరిలో కొన్నవి వచ్చే ఏడాది రిటర్నులో వస్తాయి. ఒక్కో కంపెనీకి కొన్న తేదీ, కొన్న విలువ, ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబరు 31 విలువ, వచ్చిన డివిడెండు, అమ్మితే వచ్చిన మొత్తం రాయాలి. స్టేట్ బ్యాంకు టీటీ బయ్యింగ్ రేటుతో రూపాయల్లోకి మార్చాలి. అమ్మలేదు కదా, లాభం రాలేదు కదా అని వదిలేయకండి. నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా మినహాయించారు గానీ, రాయాల్సిన బాధ్యత అలాగే ఉంది. బహుళజాతి కంపెనీలో పనిచేస్తూ మాతృసంస్థ షేర్లు జీతంలో భాగంగా పొందేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. మన మ్యూచువల్ ఫండు ద్వారా కొన్నవాళ్లకి ఈ షెడ్యూల్ బెడద లేదు.

బీరువాలో ఒక కాగితం

అమెరికాలో ఎస్టేట్ పన్ను ఉంది. అక్కడి నివాసులు, పౌరులు కానివాళ్లు చనిపోయే నాటికి వాళ్ల పేరిట 60,000 డాలర్లకి మించి అమెరికా షేర్లుంటే, పై మొత్తం మీద 40 శాతం దాకా పడొచ్చు. భారత్‌కి అమెరికాతో ఈ పన్ను విషయంలో ఒప్పందం లేదు. బ్రోకరు మెరైన్ డ్రైవ్‌లో ఉన్నా గిఫ్ట్ సిటీలో ఉన్నా, మీ పేరిట ఉన్నది అమెరికా కంపెనీ షేరైతే తప్పదు. దాటకుండా ఉండాలంటే భార్యాభర్తలు విడివిడి ఖాతాల్లో, ఎవరి డబ్బుతో వాళ్లు కొనండి. ఎక్కువ పెట్టదలిస్తే ఐర్లాండ్‌లో నమోదైన, లండన్‌లో దొరికే యూసిట్స్ (యూరప్ నిబంధనల కింద నడిచే) ఈటీఎఫ్‌లు చూడండి. వాటిలో అమెరికా షేర్లే ఉన్నా, మీ చేతిలో ఉన్నది ఐర్లాండ్ ఫండు యూనిట్ కాబట్టి ఈ పన్ను అంటదు.

ఒక తెల్లకాగితం మీద బ్రోకరు పేరు, ఖాతా నంబరు, నమోదు చేసిన మెయిల్ ఐడీ, ఫోను నంబరు, కొన్న ఏళ్లు, ఏ2 కాగితాల ఫోల్డరు ఎక్కడుందో రాసి, సంతకం పెట్టి, ఇంట్లోవాళ్లకి చూపించి బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల పక్కన పెట్టండి. పాస్‌వర్డు రాయకండి. మీ తర్వాత ఆ డబ్బు రాబట్టుకోవడానికి వాళ్లకి కావాల్సింది మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలు, ఖాతా నంబరు. మొదటి రెండూ ఇక్కడి ఆఫీసుల్లో ఇస్తారు. మూడోది మీరు రాసి పెడితేనే ఉంటుంది.